ఇంట్లో పాము, గూట్లో తొండ: మీకు తెలుసా?

ఇంట్లో పెంచుకునే ప్రాణి రెండు మూడు నెలలు తిండి ముట్టకపోయినా నిక్షేపంగా ఉంటుందంటే నమ్ముతారా?

ఆ ప్రాణి పేరు బాల్ పైథాన్. ఘనా, టోగో, బెనిన్ లాంటి పశ్చిమ ఆఫ్రికా దేశాల గడ్డి నేలల్లో పుట్టే చిన్న జాతి కొండచిలువ. నాలుగైదు అడుగులు మించి పెరగడం అరుదు. బెదిరిందంటే చాలాసార్లు కాటుకు రాదు. తలను మధ్యలో దాచుకుని ఒళ్లంతా బంతిలా చుట్టేసుకుంటుంది. ఆ పేరు రావడానికి కారణం అదే. బ్రిటన్‌లో దీన్నే రాయల్ పైథాన్ అంటారు. అమెరికా, ఐరోపా ఇళ్లలో ఎక్కువగా పెరుగుతున్న పాముల్లో ఇదొకటి.

పెద్దయిన పాముకి వారానికో, రెండు మూడు వారాలకో ఒక్క ఎలుక చాలు. అదీ బతికున్నది అక్కర్లేదు. ఫ్రీజర్లో గడ్డకట్టించి అమ్మే ఎలుకను తెచ్చి, గోరువెచ్చగా చేసి, పటకారుతో అందిస్తారు. చలికాలం వచ్చిందంటే ఆ ఎలుక వంక కన్నెత్తి కూడా చూడదు. కొత్తగా పెంచేవాళ్లు హడలిపోతారు గానీ, బరువు తగ్గనంత వరకు భయం లేదు. పాము తన ఒంటి వేడిని తాను పుట్టించుకోదు, పరిసరాల నుంచి తీసుకుంటుంది. మనం తిన్న అన్నంలో పెద్ద భాగం ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికే ఖర్చవుతుంది. పాముకి ఆ ఖర్చు లేదు. అంతే బరువున్న పాలిచ్చే జంతువు తినేదానిలో సుమారు పదో వంతుతో అది కాలం గడిపేస్తుంది.

తిన్నప్పుడు మాత్రం లోపల పెద్ద పండగే జరుగుతుంది. బర్మా కొండచిలువ భోంచేసిన రెండు రోజుల్లో దాని గుండె కండ 40 శాతం దాకా పెరుగుతుందని 2005లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అరుగుదల అయిపోగానే గుండె మళ్లీ మామూలు పరిమాణానికి వస్తుంది. పేగులు, కాలేయం కూడా అంతే. గాజు పెట్టె మూలలో కదలకుండా పడి ఉన్న పాముని చూసి "నిద్రపోతోంది పాపం" అనుకుంటాం. లోపల అవయవాలన్నీ కొత్తగా పెరుగుతుంటాయి.

ఇక ఆయుష్షు. అమెరికాలోని సెయింట్ లూయిస్ జూలో ఒక బాల్ పైథాన్ 2020 జులైలో ఏడు గుడ్లు పెట్టింది. అప్పటికి దాని వయసు 62 ఏళ్ల పైమాటేనని జూ అంచనా. పదిహేనేళ్లకు పైగా అది మగపాము మొహమే చూడలేదు. ఇళ్లలో పెరిగేవి కూడా ఇరవై, ముప్ఫై ఏళ్లు సులువుగా బతుకుతాయి. పదేళ్ల పిల్ల ముచ్చటపడి తెచ్చుకున్న పాము, ఆ పిల్ల పెళ్లి నాటికీ ఉంటుంది. తెచ్చుకునే ముందు పెద్దవాళ్లు ఆలోచించాల్సింది దాని విషం గురించి కాదు, ఆ ఏళ్ల గురించి.

మొసలి పిల్లను లెక్కల క్లాసుకు తీసుకెళ్లిన అమ్మాయి

జోన్ బోషామ్ ప్రాక్టర్ 1897లో లండన్‌లో పుట్టారు. చిన్నతనం నుంచే పాములు, బల్లులు పెంచారు. డాల్మేషియా ప్రాంతపు బల్లి ఒకటి ఆమెకు ప్రాణం. భోజనానికి కూర్చున్నా అది పక్కన ఉండాల్సిందే. పదహారేళ్ల వయసులో ఒక మొసలి పిల్లను పెంచుకుని, దాన్ని బడికి, అదీ లెక్కల పాఠానికి, వెంట తీసుకెళ్లారు. పేగుల జబ్బు వల్ల విశ్వవిద్యాలయం చదువు సాగలేదు. బ్రిటిష్ మ్యూజియంలో సరీసృపాల శాస్త్రవేత్త జార్జ్ బూలెంజర్ దగ్గర పని నేర్చుకుని, 1923లో లండన్ జూ సరీసృపాల విభాగానికి క్యూరేటర్ అయ్యారు. ఆ పదవిలోకి వచ్చిన మొదటి మహిళ ఆమే.

ఈవేళ గాజు పెట్టెలో తొండనో పామునో పెంచే ప్రతి ఒక్కరూ ఆమెకు రుణపడి ఉన్నారని నా నమ్మకం. లండన్ జూలో 1849లోనే ప్రపంచంలో మొదటి సరీసృపాల భవనం తెరిచారు. కానీ అప్పట్లో జంతువుని బోనులో పెట్టి జనానికి చూపించడమే లెక్క. ప్రాక్టర్ రూపొందించిన కొత్త భవనం 1927లో తెరుచుకుంది. అందులో ఒక్కో గదికి విడివిడిగా కరెంటు వేడి. ఎండలోని అతినీలలోహిత కిరణాలను లోపలికి రానిచ్చే ప్రత్యేకమైన గాజు. జనం నిలబడే చోట మసక, జంతువులుండే చోట వెలుగు. ఏ జాతి ఏ నేల నుంచి వచ్చిందో ఆ నేలను తలపించే రాళ్లు, మొక్కలు. జంతువుకి ఏం కావాలన్న ప్రశ్నను ఆమె భవన నిర్మాణంలోకి తెచ్చారు.

ఆ ఏడాదే ఇండోనేషియా నుంచి రెండు కొమొడో డ్రాగన్లు లండన్ చేరాయి. మన ఉడుముకి దగ్గరి చుట్టాలవి, ప్రపంచంలోకెల్లా పెద్ద బల్లి జాతి. మనుషుల్ని పీక్కుతింటాయని వాటికి పేరు. వాటిలో సుంబావా అనే దాన్ని ప్రాక్టర్ ఎంత మచ్చిక చేశారంటే, దాన్ని వెంటబెట్టుకుని జూలో షికారు తిరిగేవారు. తన చేత్తో గుడ్లు, కోడిమాంసం తినిపించేవారు. 1928 అక్టోబరులో జువలాజికల్ సొసైటీ సభకు సుంబావాను తీసుకెళ్లి, పండితుల ఎదుటే ఉంచి పత్రం సమర్పించారు. 1931లో, ముప్ఫై నాలుగేళ్లకే చనిపోయారు.

సరీసృపాలను పెంచడంలో ఆనందం ఎక్కడుందని ఎవరైనా అడిగితే నేను ఆమె భవనాన్నే చూపిస్తాను. కుక్క మనల్ని చూసి తోక ఊపుతుంది, ఆ ఆనందం వేరు. పాము తోక ఊపదు. మన నుంచి దానికి కావాల్సింది సరైన వేడి, సరైన తేమ, దాక్కోవడానికి చోటు, ఒంటరిగా వదిలేయడం. అవన్నీ సరిగా కుదిరిన రోజున అది దాపు వదిలి బయటికొచ్చి, నాలుక ఆడిస్తూ, మన కళ్ల ముందే నింపాదిగా తిరుగుతుంది. మరో శరీరం ఎలా బతుకుతుందో నేర్చుకుని, ఆ నేర్చుకున్నది నిజమేనని ఆ శరీరమే ఒప్పుకోవడం చూడటం. నాకు తెలిసి ఇంతకన్నా గొప్ప ముచ్చట కొన్నే ఉన్నాయి.

మన తొండకు ఆస్ట్రేలియాలో ఒక దాయాది ఉంది

దాని పేరు బియర్డెడ్ డ్రాగన్. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ పిల్లలు పేచీ పెట్టి తెచ్చుకునే బల్లి ఇదే. మన పెరట్లో తల ఆడించే తొండా, ఇదీ ఒకే కుటుంబానికి చెందినవి. గొంతు కింద ముళ్ల సంచి ఉబ్బించి నల్లగా మార్చినప్పుడు గడ్డంలా కనిపిస్తుంది. తనకన్నా బలమైనది ఎదురైతే ఒక ముంజేయి ఎత్తి మెల్లగా తిప్పుతుంది. చూసేవాళ్లకు టాటా చెప్తున్నట్టుంటుంది గానీ, "నీతో గొడవ నాకొద్దు" అని దాని అర్థం.

ఇది సాటివాళ్లను చూసి నేర్చుకుంటుందని మీకు తెలుసా? బ్రిటన్‌లోని లింకన్ విశ్వవిద్యాలయంలో అన్నా విల్కిన్సన్, ఆమె సహచరులు ఒక తీగ తలుపును పక్కకు జరిపి తిండి అందుకోవడం ఒక డ్రాగన్‌కి నేర్పించారు. ఆ పని చేస్తున్నప్పుడు తీసిన వీడియోను మిగతావాటికి చూపించారు. చూసినవి తలుపు తెరిచాయి. తలుపు దానంతటదే జరిగినట్టు చూపిన గుంపులో ఒక్కటీ తెరవలేకపోయింది. అనుకరణ అనేది కోతులు, చిలకల సొత్తని అప్పటిదాకా అనుకున్నవాళ్లు ఆ మాట మార్చుకోవాల్సి వచ్చింది. అంతకుముందు ఇదే పరిశోధకురాలు మోజెస్ అనే ఎర్రకాళ్ల తాబేలుని ఎనిమిది దారుల చిక్కుముడిలో వదిలారు. ఒకసారి తిండి తినేసిన దారిలోకి మళ్లీ వెళ్లకుండా అది గుర్తుపెట్టుకుంది. తాబేళ్లకు ఒకదాన్ని చూసి ఒకటి ఆవులించే అలవాటుందా అని కూడా ఆమె బృందం పరీక్షించింది. లేదని తేలింది. ఆ పరిశోధనకు 2011లో నవ్వించి ఆలోచింపజేసే ఇగ్ నోబెల్ బహుమతి దక్కింది.

బియర్డెడ్ డ్రాగన్ గురించి ఇంకో వింత. పుట్టుకతో మగ క్రోమోజోములున్న పిల్ల కూడా గుడ్డు బాగా వేడెక్కితే ఆడదిగా బయటికొస్తుంది, పెద్దయ్యాక గుడ్లు కూడా పెడుతుంది. ఆస్ట్రేలియా ఎడారుల్లో ఇది సహజంగానే జరుగుతోందని 2015లో రుజువైంది. లెపర్డ్ గెకో అనే మరో పెంపుడు బల్లికైతే ఆడామగా తేల్చేది వేడే. 26 డిగ్రీల దగ్గర పొదిగితే దాదాపు అన్నీ ఆడవి, 32, 33 దగ్గర ఎక్కువ మగవి, ఇంకా పెంచితే మళ్లీ ఆడవి.

కుబుసానికి ముందు కళ్లు నీలంగా మారతాయి

పాముకి కనురెప్పలుండవు. కంటి మీద పారదర్శకమైన పొలుసు ఒకటి అద్దంలా అతుక్కుని ఉంటుంది. కుబుసం విడిచే ముందు పాత చర్మానికీ కొత్త చర్మానికీ మధ్య ద్రవం చేరి ఆ కళ్లు పాలనీలంగా మసకబారతాయి. ఆ రోజుల్లో పాముకి చూపు ఆనదు, చిరాగ్గా ఉంటుంది, ముట్టుకోకూడదు. కొద్ది రోజులకు కళ్లు తేటపడతాయి. ఆ తర్వాత ముట్టెను రాయికేసి రాసుకుని, పెదవి దగ్గర మొదలుపెట్టి, మేజోడు తిరగేసి లాగినట్టు చర్మం మొత్తాన్ని ఒక్క ముక్కగా వదిలి బయటికి పాకుతుంది. కంటి అద్దాలు కూడా అందులోనే ఊడి వస్తాయి.

పెంచేవాళ్లకు ఆ కుబుసం ఒక ఆరోగ్య నివేదిక. ముక్కలు ముక్కలుగా ఊడిందంటే పెట్టెలో తేమ చాల్లేదు. కంటి పొర ఊడకుండా మిగిలిపోతే వెంటనే సరిదిద్దాలి. అంతా సవ్యంగా వస్తే, తల నుంచి తోక చివరి దాకా ప్రతి పొలుసు అచ్చు కనిపించే ఆ పల్చటి తొడుగును పిల్లలు పుస్తకాల్లో దాచుకుంటారు. మొదటి కుబుసాన్ని చూసిన పిల్ల ముఖం ఎలా ఉంటుందో చూడాల్సిందే.

పాముకి చెవులు లేవు, అయినా వింటుంది

బయటికి కనిపించే చెవి లేదు, కర్ణభేరి లేదు. లోపలి చెవి మాత్రం ఉంది. రాయల్ పైథాన్ల మీద 2012లో జరిగిన పరిశోధనలో గాలిలో వచ్చే శబ్దం పాము పుర్రెను కంపింపజేస్తుందనీ, ఆ కంపనం లోపలి చెవికి అందుతుందనీ తేలింది. 80 నుంచి 160 హెర్ట్జ్ దాకా బాగా పసిగడుతుంది. మగవాళ్ల మాటలోని బరువైన స్వరం సుమారుగా ఆ పరిధిలోకే వస్తుంది. 2023లో క్వీన్స్‌ల్యాండ్ విశ్వవిద్యాలయంవాళ్లు రకరకాల పాములకు శబ్దాలు వినిపిస్తే, విషమున్న టైపాన్లు దూరంగా జరిగాయి, వోమా అనే కొండచిలువలు శబ్దం వైపే వచ్చాయి. మన పాములవాడి బూర ముందు నాగుపాము ఊగడానికి ప్రధాన కారణం అటూ ఇటూ కదిలే ఆ బూర. నాగుపాము దాన్ని కనిపెట్టుకుని ఉంటుంది.

బాల్ పైథాన్ పెదవుల మీద వరుసగా చిన్న గుంటలుంటాయి. చీకట్లో ఎలుక ఒంటి వేడిని అవి పట్టేస్తాయి. ఈ పసిగట్టే పని చేసే ప్రోటీన్ ఏదో డేవిడ్ జూలియస్ ప్రయోగశాల 2010లో కనిపెట్టింది. వేడినీ స్పర్శనూ శరీరం ఎలా గ్రహిస్తుందన్న పరిశోధనకు ఆయన 2021లో నోబెల్ పంచుకున్నారు. ఇక రెండు పాయల నాలుక గాలిలోని వాసన కణాలను తీసుకెళ్లి అంగిట్లోని ప్రత్యేక అవయవానికి అందిస్తుంది. ఎడమ పాయకు వాసన ఎక్కువ తగిలితే ఎడమకు, కుడి పాయకు తగిలితే కుడికి. పెంపుడు పాము చేతి మీద నాలుక ఆడిస్తుంటే అది మనల్ని చదువుతోందన్నమాట.

మన పాములవాడు పాలు పోయమంటాడు గానీ, పాలు పాము ఆహారం కాదు. పాలను అరిగించుకునే ఏర్పాటు దాని శరీరంలో లేదు. నీళ్లివ్వకుండా మాడ్చిన పాము ఏ ద్రవం దొరికినా తాగుతుంది, ఆ తర్వాత జబ్బుపడుతుంది. నాగుల చవితికి పుట్ట దగ్గర భక్తిగా మొక్కుకోండి. బుట్టలో పాముని తెచ్చి పాలు పోయమనేవాడిని మాత్రం ప్రోత్సహించకండి.

పాములకూ స్నేహితులుంటారు

కెనడాలోని విల్‌ఫ్రిడ్ లారియర్ విశ్వవిద్యాలయంలో గార్టర్ పాము పిల్లల్ని ఒకచోట వదిలి, వాటిని కలిపి, విడదీసి, రోజుల తరబడి గమనించారు. ఎన్నిసార్లు చెదరగొట్టినా కొన్ని కొన్ని జంటలూ గుంపులూ మళ్లీ ఒకచోట చేరాయి. 2020లో ఆ పరిశోధన అచ్చయింది. ఇదే జాతి పాము ఒకటి వందేళ్ల కిందట శ్వేతసౌధంలో ఉండేది. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ కూతురు ఆలిస్ దాన్ని పెంచుకుంది. పేరు ఎమిలీ స్పినాచ్. పిన్ని ఎమిలీలా సన్నగా, పాలకూరలా పచ్చగా ఉందని ఆ పేరు పెట్టింది.

రంగుల కోసం మనిషి పోయిన దూరం

అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల పొలాల్లో ఎలుకల్ని తిని బతికే కార్న్ స్నేక్ చాలామందికి మొదటి పాము. నెమ్మదైనది, విషం లేనిది. 1953లో నార్త్ కరోలినాలో నలుపు అసలే లేని ఎర్రటి కార్న్ స్నేక్ ఒకటి దొరికింది. దాన్ని మామూలు పాములతో కలిపి, వాటి పిల్లల్ని మళ్లీ కలిపి, మెండెల్ బఠాణీలతో తేల్చిన వారసత్వ లెక్కే పాముల్లోనూ వర్తిస్తుందని ఒక చర్మవైద్యుడు నిరూపించాడు. అక్కడి నుంచి రంగుల వేట మొదలైంది. 1992లో మొదటి తెల్ల బాల్ పైథాన్లు మనిషి పెంపకంలో పుట్టాయి. జర్మనీలోని హామ్ పట్టణంలో జరిగే సరీసృపాల సంతలో ఈవేళ తెలుపు, పసుపు, నారింజ, చారలున్నవి, చారల్లేనివి, లెక్కలేనన్ని రకాలు చూడొచ్చు.

ఈ ఆటకు హద్దుండాలి. 'స్పైడర్' అనే అందమైన గీతల బాల్ పైథాన్ తల నిలవదు, వణుకుతూ ఒరిగిపోతుంది. లోపలి చెవి నిర్మాణంలోనే లోపమని 2022లో స్కాన్లు తీసి చూపించారు. 'లెమన్ ఫ్రాస్ట్' అనే నిమ్మపండు రంగు లెపర్డ్ గెకోలది ఇంకా బాధాకరమైన కథ. వాటిలో అయిదింట నాలుగింటికి చర్మం మీద కణితులు లేచాయి. రంగు ఇచ్చిన జన్యువే కణితుల్నీ తెచ్చిపెడుతోందని 2021లో లాస్ ఏంజిలస్ పరిశోధకులు తేల్చారు. మన కంటికి ఇంపుగా ఉందని నొప్పితో పుట్టే ప్రాణిని పుట్టించడం నా దృష్టిలో తప్పు. గోధుమరంగు మచ్చల మామూలు బాల్ పైథాన్‌కి ఏం తక్కువ?

కనురెప్పలున్న బల్లి, తిరిగొచ్చిన బల్లి

లెపర్డ్ గెకోకి గెకోల్లో అరుదుగా కనిపించే కనురెప్పలుంటాయి. అది కళ్లు మూసి నిద్రపోతుంది, నవ్వుతున్నట్టు కనిపిస్తుంది. గోడలెక్కలేదు. లావాటి తోకలో కొవ్వు దాచుకుని కరువు రోజుల్ని గట్టెక్కుతుంది. పుట్టినిల్లు అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతం. దాని చుట్టం ఒకటి మన తూర్పు కనుమల్లోనే ప్రత్యేక జాతిగా ఉందని 2022లో శాస్త్రలోకానికి తెలిసింది. ఆంధ్ర, ఒడిశా కొండల్లో తిరిగే ఆ బల్లికి పెయింటెడ్ లెపర్డ్ గెకో అని పేరు పెట్టారు. ప్రపంచమంతా ఇళ్లలో పెంచుకుంటున్న బల్లి బంధువు మన అడవిలో ఇంతకాలం సొంత పేరు లేకుండా బతికింది.

న్యూ కలెడోనియా దీవుల క్రెస్టెడ్ గెకో కథ దీనికి జోడీ. 1866లో వర్ణించారు. తర్వాత కనిపించక, అంతరించిందనుకున్నారు. 1994లో మళ్లీ దొరికింది. ముప్ఫై ఏళ్లలో అది వేలాది ఇళ్లకు చేరింది. రెప్పలు లేవు గనక నాలుకతో కళ్లు తుడుచుకుంటుంది. తోక ఒకసారి ఊడితే మళ్లీ మొలవదు.

తాబేలు తరాలు దాటుతుంది

ఇంగ్లండ్‌లో సెల్బోర్న్ గ్రామపు పాస్టర్, ప్రకృతి పరిశీలకుడు గిల్బర్ట్ వైట్‌కి 1780లో మేనత్త వారసత్వంగా తిమోతి అనే తాబేలు వచ్చింది. అది ఎప్పుడు నేలలో దూరుతుంది, ఎప్పుడు బయటికొస్తుంది, వాన వచ్చే ముందు ఏం చేస్తుంది, అన్నీ ఆయన ఓపిగ్గా రాసుకున్నాడు. 1793లో ఆయన పోయాడు, మరుసటేడు తిమోతి పోయింది. దాని డొప్ప లండన్ సహజ చరిత్ర మ్యూజియంలో ఉంది. పరీక్షిస్తే ఆడదని తేలింది.

ఇంకో తిమోతి క్రిమియా యుద్ధంలో ఉంది. 1854లో సెవస్తోపోల్ మీద ఫిరంగులు పేలుతున్నప్పుడు హెచ్‌ఎంఎస్ క్వీన్ అనే నౌకలో ఆ తాబేలు ఉంది. తర్వాత డెవన్ ప్రభువుల పౌడరమ్ కోటలో తోటలో తిరుగుతూ 2004లో చనిపోయింది. సుమారు 160 ఏళ్లు. ఇదీ ఆడదే!

హైదరాబాద్ నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో చాణక్య అనే గాలాపాగోస్ తాబేలును చూసినవాళ్లు మీలో చాలామంది ఉంటారు. పబ్లిక్ గార్డెన్స్ నుంచి 1963లో అక్కడికి తెచ్చారు. తాతలు చూశారు, తండ్రులు చూశారు, మనమలు చూశారు. 2024 మార్చిలో, సుమారు 125 ఏళ్ల వయసులో కన్నుమూసింది.

వదిలేసిన పెంపుడు జంతువు అడవిని తినేసింది

అమెరికాలో ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలలు ఇందుకు సాక్ష్యం. మోజు తీరాక వదిలేసినవి, 1992 ఆండ్రూ తుఫానులో ఒక పెంపకం కేంద్రం నుంచి తప్పించుకున్నవి, బర్మా కొండచిలువలు అక్కడ స్థిరపడ్డాయి. 2012లో అచ్చయిన అధ్యయనం ప్రకారం, అవి పాతుకుపోయిన ప్రాంతాల్లో రోడ్ల మీద కనిపించే రకూన్లు 99.3 శాతం, ఒపోసమ్‌లు 98.9 శాతం తగ్గాయి. వాటిని పట్టడానికి 2017లో తమిళనాడు నుంచి ఇరుల తెగవాళ్లు మాసి సదయన్, వడివేల్ గోపాల్‌లను పిలిపించారు. జాడ చూసి, ఆనవాలు చదివి, మొదటి ఎనిమిది రోజుల్లోనే పదమూడు కొండచిలువల్ని పట్టించారు. ఆ ఇద్దరికీ 2023లో పద్మశ్రీ వచ్చింది.

మన అక్వేరియం దుకాణాల్లో రూపాయి బిళ్లంత ఉన్నప్పుడు అమ్మే ఎర్రచెవుల తాబేలు కూడా ఇలాంటిదే. అది అడుగు దాకా పెరుగుతుంది, దశాబ్దాలు బతుకుతుంది. విసుగొచ్చి చెరువులో వదిలితే మన తాబేళ్ల తిండినీ చోటునూ లాక్కుంటుంది. ఐరోపా సమాఖ్య 1997లోనే దాని దిగుమతి ఆపేసింది. పిల్లలు నోట్లో పెట్టుకుని సాల్మొనెల్లా జబ్బు తెచ్చుకుంటున్నారని అమెరికా 1975లో నాలుగంగుళాల కన్నా చిన్న తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించింది. ఏ సరీసృపాన్ని ముట్టుకున్నా సబ్బుతో చేతులు కడుక్కోవాలి. అయిదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో అసలు వద్దు.

మరి మన దగ్గర పెంచుకోవచ్చా?

మన దేశపు పాముల్ని పెంచుకోకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. నాగుపామైనా, జెర్రిపోతైనా, కొండచిలువైనా, ఉడుమైనా అంతే. రాయలసీమ పొదల్లో తిరిగే నక్షత్ర తాబేలు ఇంట్లో ఉంటే కలిసొస్తుందని కొనేవాళ్లున్నారు. అది నేరం, పైగా ఆ జాతికి ప్రాణాంతకం. 2019లో అంతర్జాతీయ వ్యాపారాన్ని పూర్తిగా నిషేధించే జాబితాలోకి దాన్ని చేర్చారంటే, దొంగ రవాణా ఎంత పెరిగిందో ఊహించుకోండి. రెండు తలల పాము పేరుతో లక్షలకు బేరం పెట్టేది కూడా ఒక సాధువైన మట్టిపామునే. దాని మొండి తోక తలలా కనిపించి శత్రువుని తికమక పెడుతుంది. గుప్తనిధులు చూపించదు, జబ్బులు తగ్గించదు.

విదేశీ జాతుల సంగతి వేరు. వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం జాబితాల్లో ఉన్న జంతువుల్ని పెంచేవాళ్లు 2024 నిబంధనల ప్రకారం కేంద్రం 'పరివేష్' పోర్టల్లో నమోదు చేయించుకోవాలి. బాల్ పైథాన్ ఆ జాబితాలో ఉంది. కాగితాలు లేకుండా అమ్మేవాడి దగ్గర కొంటే, అడవి నుంచి దొంగిలించినదాన్ని కొన్నట్టే అనుకోండి.

పాముల దగ్గర పనిచేయాలనే మనసున్న యువకులకు హైదరాబాద్‌లో దారి ఉంది. ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ 1995 నుంచి ఇళ్లలోకి వచ్చిన పాముల్ని పట్టి అటవీశాఖ సాయంతో అడవిలో వదులుతోంది. జాతిని గుర్తుపట్టడం, భయపడినవాళ్లకు నచ్చజెప్పడం అక్కడ శిక్షణతో నేర్చుకోవచ్చు. శిక్షణ లేకుండా పామును పట్టబోవడం మాత్రం వద్దు.

పిల్లలకైతే గోడ మీది బల్లి చాలు. లైసెన్సు అక్కర్లేదు, పెట్టె అక్కర్లేదు. దాని వేళ్ల కింద లక్షల సంఖ్యలో సన్నని వెంట్రుకలున్నాయి, ఒక్కో వెంట్రుక కొస మళ్లీ వందల పాయలుగా చీలి ఉంటుంది. జిగురు లేదు, గాలి పీల్చే బుడిపె లేదు. అణువుల మధ్య ఉండే అతి చిన్న ఆకర్షణే దాన్ని కప్పుకు తలకిందులుగా నిలబెడుతుందని 2002లో ప్రయోగాలతో తేల్చారు. మీద పడితే పంచాంగంలో ఫలితం వెతికే బదులు, పిల్లల్ని ఒక నోటు పుస్తకం పట్టుకుని ట్యూబ్‌లైటు కింద కూర్చోమనండి. ఏ బల్లి ఏ మూల నుంచి వస్తుంది, పెద్దది ఏ బల్లిని తరుముతుంది, ఏ వేళకు టిక్కుటిక్కుమంటుంది, ఊడిన తోక ఎన్నాళ్లకు ఎంత పెరిగింది, రాసుకోమనండి. గిల్బర్ట్ వైట్ తన తోటలో తిమోతి పక్కన కూర్చుని చేసింది కూడా ఈ పనే.